కటివలయ భంగం - అత్యవసర చికిత్సలో తుంటిపట్టీ: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోడ్డు ప్రమాదాల్లో, ఎత్తు నుంచి పడిన సందర్భాల్లో కటివలయం విరిగితే రక్తం బయటికి కనిపించకుండా లోలోపలే స్రవించి ప్రాణాపాయం కలుగుతుంది. ఆసుపత్రికి చేరేలోపు ఆ స్రావాన్ని అదుపు చేయడానికి అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న సాధనం పెల్విక్ బైండర్. ఇది సరైన చోట బిగిస్తేనే పనిచేస్తుంది. ఆ చోటును సూచించే తెలుగు మాట ఏది అన్న ప్రశ్న పరిభాషకు సంబంధించినదిగా కనిపించినా, దాని ఫలితం చికిత్స మీద పడుతుంది. ఈ వ్యాసం ఆ సాధనం పనిచేసే తీరును వివరిస్తూ, నడుము, మొల, తుంటి, కటి, శ్రోణి అనే మాటల అర్థపరిధులను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కటివలయం, తుంటిపట్టీ, అస్థిభంగం, వైద్యపరిభాష, తెలంగాణ వ్యవహారం, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం

2022 మే 8న కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీ, ట్రాలీ ఆటో ఢీకొని తొమ్మిది మంది మరణించారు. వారు ఎల్లారెడ్డిలో ఒక కార్యానికి వెళ్ళి పిట్లం మండలంలోని తమ ఊరికి తిరిగి వస్తున్నవారు. సరుకులు మోసే బండిలో మనుషులు కిక్కిరిసి కూర్చోవడం, ఎదురుగా బరువైన వాహనం రావడం అనే రెండు అంశాలు ఈ ప్రాంతపు ప్రమాదవార్తల్లో తరచుగా కలిసి కనిపిస్తాయి. ఆ ఒక్క ప్రమాదంలోని గాయాలు ఈ వ్యాసానికి విషయం కాదు. అటువంటి తాకిడి మానవశరీరంలో ఏ భాగాన్ని ఎలా విరుస్తుంది, విరిగిన వెంటనే చేయదగినది ఏమిటి అన్నదే విషయం.

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాకు రెండు రకాల దారులున్నాయి. ఒకటి భిక్కనూరు, కామారెడ్డి, సదాశివనగర్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి. దీని మీద వేగం ఎక్కువ. రెండోది మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా బోధన్ వైపు, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వైపు సాగే దారుల అల్లిక. వీటి మీద వరికోత యంత్రాలు, చెరకు బళ్ళు, ట్రాక్టర్లు, ద్విచక్రవాహనాలు, ఆటోలు అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. ట్రాక్టరు బోల్తాపడి కిందపడినవారి మీద ఒరగడం, మోటారు సైకిలు నడిపేవారు ట్యాంకుకు గుద్దుకోవడం, గీత కార్మికులు తాటిచెట్టు మీద నుంచి జారిపడడం వంటివి కటిభాగాన్ని విరిచే సందర్భాలు. ఈ చివరిదాన్ని నివారించడానికే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా సాధనాల పంపిణీని ప్రారంభించింది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు, కామారెడ్డి నుంచి హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్లు. కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. అయినా కటివలయం తీవ్రంగా చితికినప్పుడు కావలసిన రక్తనాళ చికిత్స, క్లిష్టమైన ఎముకల శస్త్రచికిత్స ఒకేచోట, ఏ వేళలోనైనా దొరికేది మహానగరంలోనే. కాబట్టి రోగి దారిలో గడిపే సమయం చికిత్సలో భాగమవుతుంది. పెల్విక్ బైండర్ ప్రాముఖ్యం ఆ సమయానికి సంబంధించినది.

2. మాటలు, వాటి సరిహద్దులు

కీళ్ళూ ఎముకల విషయంలో తెలుగు వ్యవహారం ధారాళమైనది, అయితే సరిహద్దుల పట్టింపు తక్కువ. కిందపడి కటిభాగంలో దెబ్బ తగిలిన మనిషిని చూసినవారు "నడుం ఇరిగింది" అంటారు. కోస్తా వ్యవహారంలో అదే "నడుం విరిగింది". తెలంగాణలో ఎముకకు బొక్క అన్న మాట వ్యాప్తిలో ఉంది కనుక "తుంటి బొక్క ఇరిగింది" అనడమూ ఉంది. ఇతర ప్రాంతాల్లో బొక్క అంటే రంధ్రం. వేరే జిల్లా నుంచి వచ్చిన యువవైద్యులు ఈ మాట దగ్గర ఒక క్షణం ఆగడం సహజమే కాని, అది ప్రాణం మీదికి తెచ్చే అయోమయం కాదు. ప్రమాదకరమైన అయోమయం 'నడుము' దగ్గర ఉంది.

నడుము అన్నది మధ్యభాగాన్ని సూచించే మాట. నడిరేయి, నడివీధి, నడుమ అన్న మాటల్లోని ధాతువే ఇందులోనూ ఉంది. శరీరానికి నట్టనడిమి చోటు అని దాని మూలార్థం. వ్యవహారంలో పక్కటెముకలకు దిగువన, తుంటికి పైన ఉండే సన్నని భాగాన్నీ, వెనుకవైపు వెన్నెముక దిగువ భాగాన్నీ రెంటినీ అది సూచిస్తుంది. 'నడుము నొప్పి' అంటే వెన్ను నొప్పి. 'నడుము కట్టాడు' అంటే సిద్ధపడ్డాడు. ఈ రెండింటిలోనూ కటివలయం లేదు. మొల అన్నది మొలతాడు ఉండే గీత. అది కూడా కటివలయపు పైఅంచు దగ్గర గాని, అంతకన్నా పైన గాని ఉంటుంది.

సంస్కృతం నుంచి వచ్చిన కటి, శ్రోణి, జఘనం, నితంబం అనే మాటల పరిస్థితి మరొకటి. తెలుగు అధ్యాపకులకు శ్రోణి, జఘనం అనే మాటలు శరీరశాస్త్రం కన్నా ముందు ప్రబంధ నాయికల వర్ణనల్లో పరిచయమవుతాయి. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు శ్రోణి మేఖల అన్న పదబంధాన్ని స్థిరపరిచాయి. మేఖల అంటే ఒడ్డాణం. నడుముకు చుట్టుకొనే ఆభరణం పేరు ఎముకల వలయానికి చేరింది. ఇప్పుడు ఆ వలయం చుట్టూ బిగించే పట్టీకి పేరు కావలసివచ్చేసరికి, పట్టీకి సహజంగా సరిపోయే 'మేఖల' అన్న మాటను ఎముకే ముందుగా తీసేసుకుంది.

ఈ సందర్భంలో సుశ్రుతసంహితను గుర్తుచేసుకోవాలి. శారీరస్థానంలో శ్రోణిలో అయిదు ఎముకలను లెక్కించి, వాటిలో ఒకటి త్రికాన్ని ఆశ్రయించి ఉంటుందని చెప్పాడు సుశ్రుతుడు. నిదానస్థానంలోని భగ్న ప్రకరణంలో కటిలోని కపాలాస్థి పగిలినా, అక్కడి సంధి విడిపోయినా, జఘనం నలిగిపోయినా వైద్యుడు ఆ రోగిని వదిలివేయాలన్నాడు. చికిత్సాస్థానంలో మాత్రం కదలకుండా పడుకోబెట్టే కపాటశయనం గురించి చెబుతూ, పలకకు మేకులు దిగ్గొట్టి శరీరాన్ని కట్టి ఉంచే పద్ధతిని శ్రోణి భగ్నానికి కూడా వర్తింపజేశాడు. ఒకచోట వదిలివేయమనడం, మరొకచోట కట్టి ఉంచమనడం పరస్పర విరుద్ధాలు కావు. కటిలో విరిగినవన్నీ ఒకే రకం కావనీ, కొన్ని నిలుస్తాయనీ కొన్ని నిలవవనీ ఆ గ్రంథానికి తెలుసు. ఆధునిక వైద్యం స్థిరభంగాలు, అస్థిరభంగాలు అని చేసే విభజన ఆ ఎరుకకు దూరమైనది కాదు. అంతమాత్రాన పెల్విక్ బైండర్ ప్రాచీన భారతంలో ఉందని చెప్పడం సరికాదు. కపాటశయనం శరీరాన్ని కదలకుండా ఉంచేది. బైండర్ విడిపోయిన వలయాన్ని దగ్గరికి చేర్చేది.

3. వలయం విరిగితే రక్తం ఎక్కడికి పోతుంది

రెండు పక్కలా రెండు కటి ఎముకలు, వెనుక త్రికాస్థి కలిసి వలయంగా ఏర్పడతాయి. ఒక్కో కటి ఎముకలో ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు భాగాలుంటాయి. ముందువైపు రెండు ప్యూబిస్‌లను మృదులాస్థి సంధి కలుపుతుంది. వెనుకవైపు త్రికాస్థిని కటి ఎముకలతో బిగించి ఉంచేవి శరీరంలోకెల్లా బలమైన స్నాయువుల్లో చేరతాయి. గట్టి గాజును ఒకచోట మాత్రమే విరగగొట్టడం కష్టం. ఒకచోట విరిగితే మరోచోట కూడా విరగడమో, సంధి వదులవడమో జరుగుతుంది. 'తుంటి మీద కొడితే పళ్ళు రాలాయట' అన్న సామెత పొంతనలేని మాటలను ఎగతాళి చేయడానికి పుట్టింది. కటివలయం విషయంలో మాత్రం తుంటి పక్కన తగిలిన దెబ్బకు ముందున్న ప్యూబిస్, వెనుకనున్న త్రికం రెండూ విరగడం నిత్యం కనిపించేదే.

దెబ్బ వచ్చిన దిశను బట్టి ఈ భంగాలను విభజించే పద్ధతి 1980లలో యంగ్, బర్గెస్‌ల పేర్లతో స్థిరపడింది. పక్క నుంచి ఒత్తిడి పడితే వలయం లోపలికి ముడుచుకుంటుంది. ముందు నుంచి వెనుకకు ఒత్తిడి పడితే ప్యూబిస్ సంధి తెరుచుకొని, తెరిచిన పుస్తకంలా రెండు పక్కలూ విచ్చుకుంటాయి. ఎత్తు నుంచి కాళ్ళ మీద పడితే ఒకపక్క పైకి జారుతుంది. మోటారు సైకిలు ట్యాంకు గుద్దుకోవడం, ట్రాక్టరు చక్రం మీదికెక్కడం రెండో రకానికి తరచుగా దారితీస్తాయి. ముందున్న ఎడం సుమారు రెండున్నర సెంటీమీటర్లు మించిందంటే వెనుక స్నాయువులు కూడా తెగాయన్నది స్థూలమైన గుర్తు.

ప్రాణం తీసేది ఎముక కాదు, దాని వెనుకనున్న రక్తనాళాల వల. త్రికాస్థి ముందు భాగంలో సిరలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. కటిభంగాల్లో ఎక్కువ సందర్భాల్లో రక్తస్రావం ఈ సిరల నుంచీ, విరిగిన ఎముక గుల్లభాగం నుంచీ జరుగుతుంది. ధమని తెగడం తక్కువ సందర్భాల్లో జరుగుతుంది. సిరల్లో ఒత్తిడి తక్కువ. కాబట్టి విరిగిన ముక్కలు కదలకుండా దగ్గరికి చేరితే అక్కడ గడ్డకట్టిన రక్తం నిలిచి, స్రావం ఆగే అవకాశం ఉంటుంది. కదిలిన ప్రతిసారీ ఆ గడ్డ చెదిరి స్రావం మళ్ళీ మొదలవుతుంది. పొత్తికడుపు వెనుక భాగం నాలుగు లీటర్ల వరకు రక్తాన్ని దాచుకోగలదు. పెద్దవారి శరీరంలో ఉండే మొత్తం రక్తం సుమారు అయిదు లీటర్లే. బట్టలకు నెత్తుటి మరక లేకుండానే మనిషి చల్లబడిపోవడానికి ఇదే కారణం. చూసేవారు "దెబ్బలేం లేవు, భయపడ్డడు అంతే" అనుకోవడం కూడా ఇందువల్లనే.

బైండర్ చేసే పని రెండింతలు. తెరుచుకున్న వలయాన్ని మూయడం వల్ల లోపలి ఖాళీ కొంత తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా ముక్కల కదలిక ఆగుతుంది. ధమని తెగినచోట దీని శక్తి పరిమితం. అప్పుడు రక్తనాళాన్ని మూసే చికిత్సో, శస్త్రచికిత్సో తప్పదు. వలయాన్ని ఇది దగ్గరికి చేరుస్తుందనడానికి బలమైన ఆధారాలున్నాయి. మరణాలను ఎంతమేరకు తగ్గిస్తుందన్న దానికి అంత బలమైన ఆధారం ఇంకా లేదు. అయినా త్వరగా వేయగలగడం, హాని తక్కువ కావడం వల్ల మార్గదర్శకాలు దీన్ని ఆదరించాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో వెలువరించిన తీవ్రగాయాల మార్గదర్శకాలు, బలమైన తాకిడి తర్వాత కటిభంగం నుంచి రక్తస్రావం జరుగుతోందని అనుమానం కలిగితే ఈ పని కోసమే తయారైన బైండర్‌ను వాడాలని సూచించాయి.

4. పట్టీ ఉండవలసిన చోటు

అసలు విషయం ఇది. బైండర్ ఉండవలసినది నడుము దగ్గర కాదు, మొల దగ్గర కాదు. తొడ ఎముక పైభాగంలో పక్కకు పొడుచుకొని వచ్చిన ముడి ఒకటుంది. వైద్యులు దాన్ని గ్రేటర్ ట్రోకాంటర్ అంటారు. ఈ వ్యాసంలో దానికి తొడముడి అన్న మాటను వాడడం జరిగింది. నిటారుగా నిలబడి చేతులు పక్కకు వేలాడదీస్తే మణికట్టు ఇంచుమించు దాని ఎత్తులోకి వస్తుంది. అరచేతితో తొడ పక్కభాగాన్ని నొక్కి, కాలును కొద్దిగా తిప్పితే చర్మం కింద గట్టిగా తగులుతుంది. అయితే కటివలయం విరిగిందన్న అనుమానం ఉన్న రోగి కాలును ఇలా తిప్పి చూడకూడదు. తమ శరీరం మీదా, సహోద్యోగుల మీదా ముందే నేర్చుకొని ఉండాలి.

రెండు తొడముడుల మీదుగా పట్టీ బిగిస్తే ఆ ఒత్తిడి తొడ ఎముక తల ద్వారా తుంటి గిన్నెలోకి, అక్కడి నుంచి వలయంలోకి నేరుగా చేరుతుంది. ముందున్న ప్యూబిస్ సంధి కూడా దాదాపు ఇదే ఎత్తులో ఉంటుంది. అందుకే తక్కువ బలంతోనే వలయం మూసుకుంటుంది. బాట్‌లాంగ్, అతని సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో సుమారు 180 న్యూటన్ల బిగువుతో విచ్చుకున్న వలయం మూతపడింది. పట్టీని ఇలియం పైఅంచు మీద, అంటే మొలతాడు ఉండేచోట బిగిస్తే ఒత్తిడి కొంత పొట్ట మెత్తదనంలో కలిసిపోతుంది. ఎముక మీద పడిన కొంత కూడా వలయం పైభాగాన్ని ఒత్తుతుంది కాని, దిగువనున్న ప్యూబిస్ ఎడాన్ని మూయలేదు. ఒక్కోసారి ఆ ఎడం ఇంకా పెరగవచ్చు కూడా.

ఈ పొరపాటు ఎంత సాధారణమో 2011లో బ్రిటిష్ సైనిక వైద్యులు చూపారు. యుద్ధక్షేత్రం నుంచి బైండర్‌తో వచ్చినవారి ఎక్స్‌రేలు పరిశీలిస్తే దాదాపు సగం మందిలోనే అది తొడముడుల ఎత్తులో ఉంది. తప్పిన వాటిలో ఎక్కువ భాగం ఉండవలసిన చోటుకు పైన ఉన్నాయి. అలా పైన ఉన్నవారిలో ఎముకల మధ్య మిగిలిన ఎడం సరైన స్థానంలో ఉన్నవారి కన్నా స్పష్టంగా ఎక్కువ. శిక్షణ పొందిన సైనిక సిబ్బంది సంగతే ఇలా ఉంది. వారి భాష ఇంగ్లీషు. పెల్విస్ అన్న మాట వారికి పాఠ్యపుస్తకాల్లోని మాట, బెల్టు మాత్రం రోజూ కట్టుకునేది. చెయ్యి అలవాటైన చోటుకే పోయింది.

తెలుగులో ఈ సాధనాన్ని 'నడుము పట్టీ' అంటే చెయ్యి ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. పైగా మందుల దుకాణాల్లో వెన్నునొప్పికి అమ్మే బెల్టును అందరూ ఇప్పటికే 'నడుము బెల్టు' అంటున్నారు. రెండు వేర్వేరు సాధనాలు ఒకే పేరు మోస్తే, ఒకటి అడిగినప్పుడు ఇంకొకటి చేతికొస్తుంది. 'కటిబంధం' వినసొంపైన మాటే గాని, కటి అంటే నడుము అనే సామాన్య పాఠకుల భావన. 'శ్రోణిబంధం' అర్థం కాదు. అర్థం కాకపోవడం తప్పుగా అర్థం కావడం కన్నా మేలే, అయినా ప్రమాదస్థలంలో పనికిరాదు. 'తుంటి కట్టు' చక్కని తెలుగు. కాని కట్టు అనగానే రాయలసీమలోని పుత్తూరు మొదలుకొని ఊరూరా ఉన్న ఎముకల కట్టు గుర్తుకొస్తుంది. ఆ కట్టు కట్టాక చికిత్స పూర్తయినట్టే, మిగిలింది కాలం చేయవలసిన పని. బైండర్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది కొన్ని గంటల తర్వాత విప్పవలసిన సాధనం.

అందుచేత 'తుంటిపట్టీ' అన్న మాట ఎక్కువ తగినదిగా కనిపిస్తుంది. పేరులోనే చోటు ఉంది. దీని మీదా ఒక ఆక్షేపణ ఉంది, అది తేలికైనది కాదు. ఇంట్లో జారిపడిన వృద్ధుల విషయంలో "తుంటి ఇరిగింది" అని జనం చెప్పేది సాధారణంగా తొడ ఎముక మెడ విరగడాన్ని. అక్కడ ఈ పట్టీకి పని లేదు. విరిగిన ఎముక మీదే బిగుస్తుంది కనుక నొప్పి పెంచుతుంది కూడా. తుంటిపట్టీ అన్న పేరు విని దాన్ని అక్కడ వాడే ప్రమాదం ఉందనవచ్చు. ఆ ప్రమాదాన్ని తప్పించేది పేరు కాదు, ఎప్పుడు వాడాలన్న నియమం. బలమైన తాకిడి ఉండాలి. పొత్తికడుపు దిగువనో, గజ్జల్లోనో, వెనుక త్రికం దగ్గరో నొప్పి, లేదా కాళ్ళ పొడవులో తేడా, వృషణాల చుట్టూ కమిలిన మచ్చ, మూత్రద్వారం దగ్గర రక్తం వంటి గుర్తు ఉండాలి, లేదా నాడి వేగంగా, బలహీనంగా ఉండాలి. తెలివి లేని రోగి నొప్పి చెప్పలేడు కనుక తాకిడి తీవ్రతే ఆధారం. రెండు చేతులతో తుంటి ఎముకలను పట్టి ఊపి చూసే పాత పరీక్ష చేయకూడదు. దానివల్ల తెలిసేది కొంచెమే, చెదిరే రక్తపు గడ్డలు మాత్రం ఎక్కువ.

5. వేసే తీరు, దుప్పటి సంగతి

వీలైనంతవరకు పట్టీ చర్మం మీదనే ఉండాలి. తెలుగునాట ఇందుకు అడ్డొచ్చేవి ప్రత్యేకమైనవి. మగవారి మొలతాడు, లుంగీ ముడి, ప్యాంటు జేబులో తాళాలు, సెల్‌ఫోను, ఆడవారి చీర కుచ్చిళ్ళు, లంగా బొందు ముడి, పిల్లలకు వేసే వెండి మొలతాడు ఇటువంటివి. పట్టీ కింద ఇవి నలిగితే కొన్ని గంటల్లోనే చర్మం దెబ్బతింటుంది. కత్తిరించి తీయాలి. తీసిన వస్తువును బంధువులకు అప్పగించి, రోగిని దుప్పటితో కప్పాలి. మర్యాద కాపాడటానికి పట్టీని బట్టల మీదే వేస్తే పని సగం చెడుతుంది. మర్యాదకు కప్పడమే సరైన మార్గం.

రోగిని పూర్తిగా పక్కకు దొర్లించకూడదు. మోకాళ్ళ వెనుక సహజంగా ఉండే ఖాళీలోంచి పట్టీని దూర్చి, అటూ ఇటూ మెల్లగా లాగుతూ తొడల మీదుగా తొడముడుల దాకా జరపవచ్చు. రెండుగా విడిపోయే స్కూప్ స్ట్రెచర్ ఉంటే దాని సాయంతో ఇంకా తేలిక. పట్టీ బిగించే ముందు మోకాళ్ళను దగ్గరికి చేర్చి, పాదాలను కొద్దిగా లోపలికి తిప్పి కట్టాలి. బయటికి వాలిన కాళ్ళు వలయాన్ని తెరిచే ఉంచుతాయి. ఎంత బిగించాలన్నది ఊహకు వదలకుండా, నిర్ణీత బిగువు చేరగానే ఆగిపోయే బకిల్ ఉన్న పట్టీలు వచ్చాయి. పక్క నుంచి ఒత్తిడి పడి ముడుచుకున్న భంగంలో మరీ బిగిస్తే ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. రోడ్డు పక్కన ఏ రకం భంగమో తేల్చడం అసాధ్యం కనుక, ఉద్దేశం వలయాన్ని సహజాకారానికి తేవడమే గాని పిండడం కాదని గుర్తుంచుకుంటే చాలు.

పట్టీ లేనిచోట దుప్పటి వాడే పద్ధతిని రౌట్, అతని సహచరులు 2002లో ఒక వ్యాసంలో వివరించారు. దుప్పటిని జానెడుకు మించిన వెడల్పులో మడత పెట్టి, అదే తొడముడుల ఎత్తులో చుట్టి, ఇద్దరు చెరోవైపు నుంచి లాగి, కొసలను ముడివేయకుండా గట్టి క్లిప్పులతో పట్టి ఉంచడం దాని సారాంశం. ముడి వేస్తే బిగువు తగ్గుతుంది, ముడి కింద చర్మం నలుగుతుంది. ఎల్లారెడ్డి లాంటి చోట్ల ఇది ఎంతో ఉపయోగకరమైన జ్ఞానం. దుప్పటి, చీర, ధోవతి దొరకని ప్రమాదస్థలం ఉండదు. అయితే నైస్ మార్గదర్శకాలు దుప్పటి వంటి తాత్కాలిక ఏర్పాటును, తయారైన పట్టీ సరిపోని సందర్భానికే, ఉదాహరణకు చిన్నపిల్లలకే పరిమితం చేశాయి. తయారైన పట్టీలు ప్రతి అంబులెన్సులో ఉండే దేశానికి అది సరైన నియమం. అన్నిచోట్లా ఉండని చోట దుప్పటిని తక్కువచేసి చూడడం సమంజసం కాదు. దుప్పటి సరిపోతుందన్న మాటను పట్టీలు కొనకపోవడానికి సాకుగా వాడడం అంతకన్నా అసమంజసం.

ప్రమాదస్థలంలో మొదట చేయి వేసేది సాధారణంగా వైద్యులు కారు, దారినపోయేవారు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పిస్తోంది. వారి నుంచి ఆశించేది పట్టీ వేయడం కాదు. భుజాలూ కాళ్ళూ పట్టి మడిచి ఆటోలో కూర్చోబెట్టకుండా, కాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి తువ్వాలుతో కట్టి, పడుకోబెట్టే 108 వచ్చేదాకా కాచుకోవడం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ ఇప్పుడు తెలుగు వ్యవహారంలో సామాన్యనామం అయింది. 'నూట ఎనిమిది వచ్చింది' అంటే ఇక విడమరచి చెప్పనక్కరలేదు.

6. దారిలోనూ, దారి చివరా

పట్టీ వేయడంతో పని ముగియదు. తీవ్రరక్తస్రావంలో ట్రానెక్సామిక్ ఆమ్లం ఇవ్వడం దానికి తోడు. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగుల మీద జరిగి, 2010లో ఫలితాలు వెలువడిన క్రాష్-2 పరీక్ష దీని ప్రయోజనాన్ని స్థిరపరిచింది. దాని తదుపరి విశ్లేషణలో గాయమైన మూడు గంటల లోపు, వీలైతే మొదటి గంటలోనే ఇవ్వాలని తేలింది. ఎల్లారెడ్డి నుంచి మహానగరానికి చేరే లోపు ఆ మూడు గంటలు అయిపోవచ్చు. కాబట్టి ఆ మందు మొదటి ఆసుపత్రిలోనే పడాలి.

మొదటి ఆసుపత్రి నుంచి రెండో ఆసుపత్రికి, రెండో దాని నుంచి మూడో దానికి రోగి చేతులు మారినప్పుడు జరిగే పొరపాట్లు వేరు. వాటిలో ఒకటి పట్టీ విప్పి చూడడం. ఎక్స్‌రే కోసం విప్పనక్కరలేదు, పట్టీ ఉండగానే తీయవచ్చు. మరొకటి ఇంతకన్నా సూక్ష్మమైనది. సరిగ్గా బిగిసిన పట్టీ విచ్చుకున్న వలయాన్ని మూసివేస్తుంది కనుక ఎక్స్‌రేలో అంతా బాగానే కనిపించవచ్చు. పట్టీ ఎంత బాగా పనిచేస్తే గాయం అంతగా దాగిపోతుందన్నమాట. పట్టీతో తీసిన చిత్రం మామూలుగా ఉన్నంత మాత్రాన భంగం లేదనుకోకూడదు. రక్తపోటు నిలకడగా ఉన్నప్పుడు, అనుభవజ్ఞుల సమక్షంలో పట్టీ విప్పి మళ్ళీ చిత్రం తీయాలి. మూత్రద్వారం దగ్గర రక్తం కనిపించినవారికి మూత్రగొట్టం వేసే ముందు మూత్రనాళం తెగిందేమో ఆలోచించాలన్నది కూడా ఈ దశలోనే మరుపున పడుతుంది.

ఎంతసేపు ఉంచవచ్చన్నదానికి నైస్ పెట్టిన గరిష్ఠ పరిమితి 24 గంటలు. చర్మం అంతకు ముందే దెబ్బతినవచ్చు కనుక తొడముడుల మీదా, త్రికం మీదా చర్మాన్ని గమనిస్తూ ఉండాలి. గట్టి స్ట్రెచర్ పలక మీద ఎక్కువసేపు ఉంచడం ఈ హానిని పెంచుతుంది. అయితే 24 గంటలు ఎప్పటి నుంచి? ఆ సమాచారం రాతలో లేకపోతే మూడో ఆసుపత్రిలోని వైద్యుడికి తెలిసే దారి లేదు. రోగి వెంట వచ్చిన బంధువు "పొద్దుగాల కట్టిన్రు" అని చెప్పగలడు. పొద్దుగాల అంటే తెల్లవారుజామున నాలుగూ కావచ్చు, ఉదయం తొమ్మిదీ కావచ్చు.

అందుకే రెఫరల్ చీటీలో పట్టీకి సంబంధించి రెండు మాటలు విడిగా ఉండాలి. ఒకటి బిగించిన సమయం, గంటలూ నిమిషాలతో సహా. రెండోది బిగించిన చోటు. ఆ రెండో గడిలో 'నడుము' అని రాసి ఉంటే, చీటీ అందుకున్నవారు రోగి మీది దుప్పటి తొలగించి, పట్టీ తొడముడుల మీద ఉందో లేదో ముందు చూసుకోవాలి.